ల్యాండ్‌స్కేప్ ఆర్కిటెక్చర్ పాఠాలు చెప్పాలనుకుంటే ముందు చెరువు కట్ట ఎక్కండి

మా మేనమామ ఇప్పటికీ నన్ను చుట్టాలకు ‘మొక్కల సారు’ అనే పరిచయం చేస్తాడు. పదహారేళ్లుగా ఆర్కిటెక్చర్ కాలేజీలో పాఠాలు చెబుతున్నా, పీహెచ్‌డీ చేసినా, ఆయన లెక్కలో నాది నర్సరీ పనే. ఆయన మీద కోపమేం లేదు. ల్యాండ్‌స్కేప్ అంటే లాన్, దాని చుట్టూ క్రోటన్లు అనుకునేవాళ్లే ఎక్కువ. అసలు పని వేరు. నేల ఎటు వాలుతోంది, దాని మీద పడ్డ వాన ఎటు పోతోంది, అది ఏ మట్టి, అందులో ఏ చెట్టు బతుకుతుంది, మనుషులూ గొడ్లూ ఏ దారిన నడుస్తారు, ఇవన్నీ చూసి ఆ జాగాను ఎలా మలచాలో తేల్చడం మా పని. పేరు ఇంగ్లీషుదే గాని, మన దగ్గర ఈ పని కాకతీయుల నాటి నుంచీ ఉంది. పాకాల, రామప్ప, లక్నవరం 800 ఏళ్ల తర్వాత కూడా పొలాలకు నీళ్లిస్తున్నాయి. రెండు గుట్టల మధ్య ఎక్కడ కట్ట పోస్తే తక్కువ మట్టితో ఎక్కువ నీరు ఆగుతుందో ఎవరో నిలబడి చూశారు కాబట్టే అది సాధ్యమైంది.

ప్రతి జూన్‌లో హన్మకొండ నుంచో, జనగామ నుంచో, ములుగు నుంచో ఎవరో ఒకరు ఫోన్ చేసి అడుగుతారు, ‘ఈ సబ్జెక్టులో లెక్చరర్ కావాలంటే ఏం చేయాలి సార్?’ అని. ఫోన్‌లో పావుగంటలో తేలేది కాదు. అందుకే వరసగా రాస్తున్నా. ఈ వరసలో డిగ్రీలు రెండో మెట్టు.

1. మీ చెరువును ఎంచుకోండి

మీ ఇంటికి సైకిల్ మీద పోయేంత దూరంలో ఉన్న చెరువో కుంటో ఒకటి ఎంచుకోండి. పేరున్నది కాకపోతే ఇంకా మంచిది. ఒక ఏడాది పాటు నెలకు రెండుసార్లయినా దాని దగ్గరికి వెళ్లండి. మీరు ఇంటర్‌లో ఉన్నా, బీఆర్క్ (ఆర్కిటెక్చర్ డిగ్రీ) ఆఖరి ఏడాదిలో ఉన్నా, ఉద్యోగంలో ఉన్నా ఇది చేయొచ్చు.

మొదటి రోజు కట్ట మీద ఈ చివర నుంచి ఆ చివరకు నడవండి. తూము (పొలాలకు నీళ్లు వదిలే దారి) ఎక్కడుంది, మత్తడి (చెరువు నిండితే నీళ్లు పొర్లే అలుగు) ఎక్కడుంది, మత్తడి దూకిన నీళ్లు ఏ ఒర్రెలో (చిన్న వాగులో) పడి ఏ కుంటకు పోతున్నాయి చూడండి. గొలుసుకట్టు అనే మాట పుస్తకంలో చదివితే సగమే అర్థమవుతుంది. పై చెరువు మత్తడి నుంచి కింది చెరువు దాకా నడిస్తేనే పూర్తిగా తెలుస్తుంది. నడుస్తున్నప్పుడు ఒర్రె ఉన్నట్టుండి మాయమై ఒక ప్రహరీ గోడ అడ్డం వస్తే, అక్కడ ఆగి నోట్‌బుక్‌లో గుర్తు పెట్టుకోండి. మీ పరిశోధన అక్కడి నుంచే మొదలు కావచ్చు.

రెండో పని కొలవడం. దీనికి డ్రోన్ అక్కర్లేదు. తాపీమేస్త్రీలు వాడే లెవెల్ పైపు చాలు. పదిహేను మీటర్ల పారదర్శకపు ప్లాస్టిక్ పైపు, సెంటీమీటర్ల గుర్తులు గీసిన రెండు కర్రలు, మీతో పాటు ఇంకో మనిషి కావాలి. పైపులో నీళ్లు నింపేటప్పుడు గాలి బుడగలు లేకుండా చూసుకోండి. ఒక్క బుడగ ఉన్నా లెక్క తప్పుతుంది. రెండు చివరలనూ రెండు కర్రలకు ఆనించి నిలబెడితే పైపులో నీటి మట్టం రెండు పక్కలా ఒకే ఎత్తులో నిలుస్తుంది. మీ కర్ర మీద నీరు 142 దగ్గర, అవతలి కర్ర మీద 151 దగ్గర ఉందనుకోండి. అంటే అవతలి నేల మీ నేల కన్నా 9 సెంటీమీటర్లు కింద ఉన్నట్టు. ఇలా పది మీటర్లకోసారి 30 సార్లు జరుగుతూ పోతే 300 మీటర్ల వాలు మీ చేతికి వస్తుంది. ఎండ ముదరక ముందే అయిపోతుంది.

శాటిలైట్ మ్యాపులుండగా ఇంత అవస్థ ఎందుకని మా విద్యార్థులూ అడుగుతారు. సర్వే ఆఫ్ ఇండియా 1:50,000 టోపోషీట్‌లో ఎత్తుల గీతలు సాధారణంగా 20 మీటర్లకు ఒకటి ఉంటాయి. మన చెరువు కట్ట ఎత్తేమో నాలుగైదు మీటర్లు. ఆ రెండు గీతల మధ్య మొత్తం చెరువే మునిగిపోతుంది. ఉచితంగా దొరికే ఎత్తుల డేటాలో ఒక్కో గడి 30 మీటర్లు, దాని తప్పు కూడా మీటర్లలోనే ఉంటుంది. చదునైన మన నేలలో నీళ్లు ఇటు పోవాలా అటు పోవాలా అన్నది జానెడు తేడాతో తేలిపోతుంది. ఆ జానెడును పట్టుకునేది లెవెల్ పైపే.

కొలిచినదాన్ని కాగితం మీద నిలువుకోతగా గీయండి. అడ్డం స్కేలు 1:1000 అయితే నిలువు స్కేలు 1:100 పెట్టండి, లేకపోతే గీత బల్లపరుపుగా కనిపిస్తుంది. కట్ట, శిఖం (చెరువు నిండితే మునిగే నేల), ఆయకట్టు (చెరువు నీళ్లు పారే పొలాలు), ఊరు అన్నీ ఒక్క గీత మీదకు రావాలి. పీజీ ఇంటర్వ్యూలో నలభై పేజీల రంగుల పోర్ట్‌ఫోలియో కంటే ఇలాంటి గీత ఒక్కటి ఎక్కువ మాట్లాడిస్తుంది.

ఏడాది పాటు ఎందుకు వెళ్లాలో నా అనుభవం చెబుతా. ఉద్యోగంలో చేరిన తొలి ఏడాది మూడో సంవత్సరం పిల్లలను ఏప్రిల్‌లో ఒక చెరువు దగ్గరికి తీసుకెళ్లా. చెరువు ఎండి మైదానంలా ఉంది. సర్వే చేశాం. వాకింగ్ ట్రాక్, పిల్లల ఆటస్థలం, మెట్లు మెట్లుగా బహిరంగ రంగస్థలం, అన్నీ బ్రహ్మాండంగా గీశారు. షీట్లు కట్ట మీద పరిచి చూసుకుంటుంటే ఆ ఊళ్లో తూము తెరిచి పొలాలకు నీళ్లు వదిలే నీరటి వచ్చి నిలబడ్డాడు. అరవై దాటిన మనిషి. కాసేపు చూసి, ‘సారూ, మీరు గద్దెలు గట్టేది శిఖంల. ఆగస్టుల రాండ్రి, గక్కడ నడుములోతు నీళ్లుంటయ్’ అన్నాడు. పిల్లలు నా వైపు చూశారు. నేను షీటు వైపు చూశాను. ఆ సెమిస్టర్ మార్కులు ఎలా వేశానో ఇప్పటికీ గుర్తుంది, చెప్పను.

2. ఆ తర్వాత డిగ్రీలు

ఇది త్వరగా చెప్పేస్తా, ఎందుకంటే ఇందులో దాపరికం లేదు. ఇంటర్‌లో మ్యాథ్స్, ఫిజిక్స్ ఉండాలి. బైపీసీ పిల్లలకు చెట్ల మీద ఎంత ప్రేమ ఉన్నా మ్యాథ్స్ లేకుండా బీఆర్క్ దారి తెరుచుకోదు. ఆర్కిటెక్చర్ ప్రవేశ పరీక్ష నాటా రాయాలి, లేదా జేఈఈ మెయిన్ రెండో పేపర్. బీఆర్క్ ఐదేళ్లు. అయ్యాక కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్‌లో నమోదు చేసుకోండి. 1972 ఆర్కిటెక్ట్స్ చట్టం ప్రకారం ఆ నమోదు ఉంటేనే ఆర్కిటెక్ట్ అని పేరు పెట్టుకోవచ్చు. ల్యాండ్‌స్కేప్ ఆర్కిటెక్ట్‌కు మన దేశంలో వేరే లైసెన్స్ అంటూ లేదు.

బీఆర్క్ కాగానే పీజీలో చేరకండి. రెండేళ్లు ఏదైనా ఆఫీసులో పని చేయండి. సైట్ మీద కాంట్రాక్టర్ మట్టి ఎక్కడ పోశాడని ఒక్కసారైనా గొడవ పడని మనిషి క్లాసులో గ్రేడింగ్ (నేల వాలును మలచడం) గురించి చెబితే పిల్లలకు తెలిసిపోతుంది. అధ్యాపక పోస్టులకూ చాలాచోట్ల ఈ అనుభవం అడుగుతారు.

పీజీకి గేట్ రాయండి, ఆర్కిటెక్చర్ అండ్ ప్లానింగ్ పేపర్. గేట్ స్కోరుతో చేరితే నెలకు 12,400 రూపాయల స్టైపెండ్ వచ్చే అవకాశం ఉంది. ల్యాండ్‌స్కేప్ పీజీ ఢిల్లీ, భోపాల్, విజయవాడ స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్‌లలో, అహ్మదాబాద్ సెప్ట్ యూనివర్సిటీలో ఉంది. మనకు దగ్గర విజయవాడ. కాజీపేటలో రైలెక్కితే మూడు నాలుగు గంటల్లో దిగుతారు. ఏది ఎంచుకోవాలంటే క్యాంపస్ ఫొటోలు కాదు, గత మూడేళ్ల విద్యార్థుల థీసిస్ పేర్లు చూడండి. అన్నీ రిసార్టులే ఉంటే ఒక రకం బడి. వాగులు, గనులు, సంతలు, శ్మశానాలు కూడా ఉంటే ఇంకో రకం. మీకు పాఠాలు చెప్పాలని ఉంటే రెండోదాని వైపే పొండి.

3. చెట్ల పేర్లు రెండు భాషల్లో నేర్చుకోండి

ఈ రంగంలో చాలామంది టీచర్లకు ఇక్కడే తడబాటు. కంప్యూటర్‌లో చెట్టు బొమ్మ పెట్టడం వస్తుంది, రోడ్డు పక్కన ఉన్నది కానుగో మారేడో తెలియదు. ప్రతి చెట్టుకూ ఊళ్లో పిలిచే పేరు, శాస్త్రీయ నామం రెండూ రాసుకోండి. తంగేడు అంటే సెన్నా ఆరిక్యులేటా. గునుగు సెలోసియా అర్జెంటియా. మోదుగ బ్యూటియా మోనోస్పెర్మా. తెల్లమద్ది టెర్మినేలియా అర్జున. పాత దినపత్రికల మధ్య ఆకు, పువ్వు, కాయ పెట్టి, మీద బరువు పెట్టి, రోజూ కాగితం మారుస్తూ వారం ఆరబెడితే మీ సొంత హెర్బేరియం తయారవుతుంది. అనుమానం వస్తే కాకతీయ యూనివర్సిటీ బోటనీ విభాగం మన వరంగల్‌లోనే ఉంది కదా. మర్యాదగా అడిగితే గుర్తుపట్టి చెబుతారు. నాకైతే అలాగే జరిగింది.

ఇంకో మాట. ఈ పేర్లు నేర్చుకోవడానికి పాకాల, ఏటూరునాగారం అడవులకు వెళ్లాలనుకుంటారు. వెళ్లండి, కానీ ముందు మీ చెరువు కట్ట. అక్కడ సర్కారు తుమ్మ ఎంత, నల్ల తుమ్మ ఎంత, తాటిచెట్లు ఎన్ని మిగిలాయి లెక్కపెట్టడంతోనే ఒక ఆదివారం గడుస్తుంది.

4. ప్రశ్నను చిన్నది చేయండి

పీహెచ్‌డీకి దరఖాస్తు పెట్టే పిల్లలు నాకు పంపే మొదటి శీర్షిక దాదాపు ఎప్పుడూ ఒకటే: ‘వరంగల్ చెరువుల పరిరక్షణ’. అది ప్రశ్న కాదు, ప్రభుత్వ పథకం పేరు. 46 వేలకు పైగా చెరువులను బాగుచేయాలని 2015లో మిషన్ కాకతీయ మొదలుపెట్టినప్పుడు ప్రభుత్వం చేతిలో ఇంజినీర్లున్నారు, నిధులున్నాయి. మీ దగ్గర మీరొక్కరే ఉన్నారు, ఐదేళ్లున్నాయి. కాబట్టి ప్రశ్న మీ చేతిలో పట్టేంత ఉండాలి.

ఉదాహరణకు: ఒక చెరువు మత్తడి నీళ్లు పోయే దారి 1970లో ఎక్కడుంది, ఇప్పుడు ఎక్కడుంది, మధ్యలో ఏమైంది? దీనికి జవాబు వెతకొచ్చు. గ్రామ నక్ష (ఊరి భూముల మ్యాపు), టిప్పన్ (సర్వే నంబర్ల కొలతల చిత్తు), 1954-55 ఖాస్రా పహాణీ (భూమి రికార్డు) చూస్తే ఏది శిఖం భూమో, ఏది పట్టానో తెలుస్తుంది. టోపోషీట్ ఉంది. అమెరికా గూఢచారి ఉపగ్రహం కరోనా 1960ల్లో తీసిన ఫొటోలను 1995లో బహిరంగపరిచారు. ఆ కాలపు ఊళ్లు, చెరువులు అందులో కనిపిస్తాయి. 1972 తర్వాతి ల్యాండ్‌శాట్ చిత్రాలు ఉచితం. ఇస్రో మ్యాపుల వెబ్‌సైట్ భువన్ ఉంది. వీటన్నిటినీ క్యూజీఐఎస్‌లో ఒకదాని మీద ఒకటి పెట్టండి. అదీ ఉచిత సాఫ్ట్‌వేరే. 1960ల్లో అమెరికాలో ల్యాండ్‌స్కేప్ ఆర్కిటెక్ట్ ఇయాన్ మెక్‌హార్గ్ ఇదే పనిని ట్రేసింగ్ షీట్ల మీద చేసి చూపించాడు. వాలు ఒక షీటు, మట్టి ఒక షీటు, నీరు ఒక షీటు. అన్నీ కలిపి వెలుతురుకు పట్టుకుంటే ఎక్కడ కట్టకూడదో నల్లగా తేలుతుంది. నేను ఇప్పటికీ మొదటి నెల పిల్లలతో ట్రేసింగ్ షీట్ల మీదే చేయిస్తా. మౌస్ నొక్కితే వచ్చే లేయర్ కన్నా చేత్తో గీసిన లేయర్ బుర్రలో ఎక్కువ రోజులు ఉంటుంది.

ఈ ప్రశ్న ఎవరికి కావాలని వైవాలో అడుగుతారు. 2023 జులై 27న ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 649.8 మిల్లీమీటర్ల వాన పడింది. అదే వానల్లో భూపాలపల్లి జిల్లా మోరంచపల్లి నీట మునిగింది. రెండు రోజులకు వరంగల్‌లో భద్రకాళి చెరువు కట్టకు గండి పడింది. అంత వాన పడితే ఏ మత్తడి అయినా ఇబ్బంది పడుతుంది, నిజమే. కానీ ఆ నీళ్లు పాత దారిలో పోయాయా, కొత్త కాలనీ వీధుల్లో పోయాయా అన్నది మీ మ్యాపు చెప్పగలదు.

ప్రశ్న నీళ్ల గురించే ఉండాలని లేదు. నా దగ్గర చేసిన ఒక అమ్మాయి బతుకమ్మ పూల మీద పని చేసింది. సద్దుల బతుకమ్మకు రెండు రోజుల ముందు హన్మకొండలో పూలమ్మే అవ్వల దగ్గర కూర్చుంది. ‘గునుగు ఎక్కడ కోసిండ్రవ్వా?’ అని అడిగితే ఒకావిడ, ‘ఇదివరకు ఊరెనుకనే ఉండె బిడ్డా. ఇప్పుడు ప్లాట్లు గొట్టిండ్రు గద. తెల్లారకముందే ఆటో మాట్లాడుకొని పోవుడే’ అంది. ఆటో కిరాయి ఎంత, ఎంత దూరం, ఎవరి పడావు భూమి, ఏ మట్టి అని ఆ అమ్మాయి ఒక్కో మోపు వెనక్కి నడుచుకుంటూ పోయింది. మ్యాపు గీస్తే నగరం పెరిగిన అంచు పూల దారిలో కనిపించింది. చల్క నేలల్లో, పంట లేని చేలల్లో తనంతట మొలిచే మొక్క కాబట్టి గునుగును ఎవరూ సాగు చేయరు, ఎవరూ లెక్కపెట్టరు. లెక్కలోకి రానివాటిని వెతకడం నాకు ఈ సబ్జెక్టులో ఇష్టమైన పని.

బొగ్గు వైపు వెళ్లేవాళ్లకు భూపాలపల్లి, రామగుండం ఓపెన్‌కాస్టుల మట్టిదిబ్బలున్నాయి. కరీంనగర్ వైపు గ్రానైట్ క్వారీ గుంతలున్నాయి. ఒక్కోటి ఒక్కో జీవితకాలపు పని.

5. పీహెచ్‌డీ, గైడ్

యూజీసీ 2022 నిబంధనల ప్రకారం పీహెచ్‌డీకి కనీసం మూడేళ్లు, సాధారణంగా గరిష్ఠం ఆరేళ్లు. కోర్స్‌వర్క్ కనీసం 12 క్రెడిట్లు. సెమిస్టర్‌కు ఒకసారి సలహా కమిటీ ముందు నిలబడాలి. ఇవి ఎవరైనా చెబుతారు. ఎవరూ చెప్పనిది గైడ్‌ను ఎలా ఎంచుకోవాలో.

ముందు శోధ్‌గంగలో (మన దేశపు థీసిస్‌లు పెట్టే వెబ్‌సైట్) ఆయన లేదా ఆమె దగ్గర పూర్తయిన థీసిస్‌లు చదవండి. మొదటి అధ్యాయం కాదు, మధ్యలో డేటా ఉన్న అధ్యాయం. తర్వాత వాళ్ల దగ్గర ఇప్పుడు చేస్తున్న విద్యార్థిని టీ తాగుతూ ఒక్క ప్రశ్న అడగండి: ‘డ్రాఫ్ట్ ఇస్తే ఎన్ని రోజులకు తిరిగొస్తుంది?’ నెల లోపు అంటే అదృష్టవంతులు. నవ్వి ఊరుకుంటే ఆలోచించుకోండి.

థీసిస్ ఇంగ్లీషులోనే రాయాల్సి వస్తుంది. ఫీల్డ్ నోట్సు మాత్రం తెలుగులో, విన్నది విన్నట్టు రాసుకోండి. మత్తడిని ‘ఓవర్‌ఫ్లో స్ట్రక్చర్’ అని మార్చేస్తే సగం అర్థం రాలిపోతుంది. మత్తడి దూకడం అంటే ఊరికి ఒక పండుగ, కింది చెరువుకు ఒక కబురు. నేను నా థీసిస్‌లో మత్తడి, శిఖం, తూము, నీరటి అనే మాటలను అలాగే ఉంచి, మొదట్లో ఒక పేజీ వివరణ ఇచ్చా. పరీక్షకుల్లో ఒకాయన అభ్యంతరం చెప్పాడు, ఇంకొకాయన అదే మెచ్చుకున్నాడు. సరిపోయింది.

పేపర్ల విషయంలో ఒక హెచ్చరిక, నా జేబులోంచి పోయిన డబ్బుతో నేర్చుకున్నది. పీహెచ్‌డీ మధ్యలో ఒక జర్నల్ నుంచి మెయిల్ వచ్చింది, పదిహేను రోజుల్లో ప్రచురిస్తామని. ఆరు వేలు కట్టా. ప్రచురించారు కూడా. తర్వాత ఒక ఉద్యోగ ఇంటర్వ్యూలో ఆ పేపర్ చూపిస్తే, ప్యానెల్‌లో ఒకావిడ ఫోన్‌లో ఆ వెబ్‌సైట్ తెరవబోయింది. తెరుచుకోలేదు. ఆ తర్వాత ఆ గదిలో జరిగిన పది నిమిషాలు నాకు పది గంటలు. ఇప్పుడు యూజీసీ గుర్తించిన జర్నల్స్ ఉండే యూజీసీ-కేర్ జాబితా కూడా లేదు, 2025లో దాన్ని ఆపేశారు. కాబట్టి జర్నల్ మంచిదో కాదో తేల్చుకోవాల్సింది మనమే. సంపాదక మండలిలో ఎవరున్నారో, వాళ్ల సొంత యూనివర్సిటీ పేజీలో ఈ జర్నల్ పేరుందో చూడండి. తొందరగా వేస్తామని వాళ్లంతట వాళ్లే మెయిల్ పెడితే డిలీట్ కొట్టండి.

6. క్లాసులోకి వెళ్లే ముందు

ముందు వారానికి ఒకటి రెండు రోజులు విజిటింగ్ ఫ్యాకల్టీగా చేరండి. పాఠం చెప్పడం మీకు నచ్చుతుందో లేదో నెలలో తెలిసిపోతుంది. యూజీసీ స్కేలు ఇచ్చేచోట అసిస్టెంట్ ప్రొఫెసర్ ప్రారంభ బేసిక్ 57,700. ప్రైవేటు కాలేజీల్లో ఎంతిస్తారన్నది ఆ కాలేజీని బట్టి ఉంటుంది. చేరే ముందు జీతం, వారానికి ఎన్ని గంటలు, వేసవిలో జీతం ఉందా లేదా కాగితం మీద రాయించుకోండి. మొహమాట పడితే జూన్‌లో బాధపడతారు.

ప్రాక్టీసు వదిలేయాలా అని అడుగుతారు. అక్కర్లేదు. ఢిల్లీలో ల్యాండ్‌స్కేప్ ఆర్కిటెక్ట్ మహమ్మద్ షహీర్ ఏళ్ల తరబడి పాఠాలు చెబుతూనే హుమాయూన్ సమాధి తోటల మీద, పక్కనే ఉన్న సుందర్ నర్సరీ మీద పని చేశారు. ఆయన 2015లో పోయారు. సుందర్ నర్సరీ 2018లో జనానికి తెరుచుకుంది. ఢిల్లీ వెళ్తే మాత్రం తప్పక నడిచి చూడండి.

స్టూడియో క్లాసు మామూలు లెక్చర్ లాంటిది కాదు. విద్యార్థి బల్ల పక్కన కూర్చుని, వాడి గీతను చూస్తూ మాట్లాడాలి. వాడి షీటు మీద మీ పెన్ను పెట్టకండి. పైన ట్రేసింగ్ పేపర్ వేసి దాని మీద గీయండి. మీ గీత నచ్చకపోతే తీసి పక్కన పెట్టే స్వేచ్ఛ వాడికి ఉండాలి. జ్యూరీలో (విద్యార్థి షీట్లు చూసి ప్రశ్నలడిగే చోట) మొదటి ప్రశ్నగా ‘ఇక్కడ వాన పడితే నీళ్లు ఎటు పోతాయి?’ అని అడగండి. రంగులు ఎంత బాగున్నా, దీనికి వేలితో దారి చూపలేకపోతే సైట్ చూడలేదని అర్థం.

సైట్ విజిట్ ఒకే చోటుకు రెండుసార్లు పెట్టండి, ఆగస్టులో ఒకసారి, ఏప్రిల్‌లో ఒకసారి. టైమ్‌టేబుల్ ఒప్పుకోదు. ఆఫీసు ఒప్పుకోదు. బస్సు దొరకదు. అయినా పెట్టండి.

7. గీసింది వెనక్కి తీసుకెళ్లండి

థీసిస్ బైండింగ్ అయ్యాక అది లైబ్రరీలో దుమ్ము పట్టక ముందే, అందులోని మ్యాపును పెద్దగా ప్రింటు తీయించి ఆ ఊరికి తీసుకెళ్లండి. గ్రామ పంచాయతీకి ఒకటి, బడికి ఒకటి.

నా థీసిస్ మ్యాపు తీసుకెళ్లినప్పుడు, ఆ రోజు మా షీట్లు చూసిన నీరటి ఇంకా ఉన్నాడు. కట్ట మీద మ్యాపు పరిచా. ఉత్తరం పైకి ఉండేలా పెట్టా, మాకు నేర్పింది అదే కదా. ఆయన ఒక్క క్షణం చూసి, షీటును అర చుట్టు తిప్పాడు. చెరువు అవతలికి, ఆయకట్టు తన కాళ్ల వైపు. ఆయన రోజూ నిలబడి చూసే తీరు అది. అప్పుడు వేలు పెట్టి కట్ట పొడుగునా నెమ్మదిగా జరుపుకుంటూ వచ్చి ఒకచోట ఆపాడు.

‘రెండో తూమేది సారూ?’

నాలుగేళ్లు ఆ కట్ట మీద తిరిగా, రెండో తూము నాకు కనిపించలేదు. పూడిపోయి ఇరవై ఏండ్లయిందట. సర్కారు తుమ్మ పొదల్లోకి తీసుకెళ్లి చూపించాడు. రాతి దిమ్మె ఒకటి, అంగుళం మందం మట్టి కింద.

మీరు మ్యాపు తీసుకెళ్లేటప్పుడు ల్యామినేషన్ చేయించకండి. పెన్సిల్, రబ్బరు వెంట ఉంచుకోండి.